పాత పాటల సంఘంలో కొత్త పాట పాడితే అందరూ టీకి లేచిపోయారు, ఏం చేయమంటారు? (విశాఖ)

ఎంవీపీ_పల్లవి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. మా నాన్నగారూ, పోర్టులో ఆయనతో పాటు రిటైరైన నలుగురైదుగురూ కలిసి ఎనిమిదేళ్ల కిందట ఒక పాత పాటల సంఘం పెట్టారు. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక స్కూలు మేడ మీద హాలు అద్దెకి తీసుకుంటాం. కరోకే ట్రాకులు, రెండు మైకులు, ఒక మిక్సరు, మధ్యలో టీ, మిక్స్చర్ పొట్లాలు, ఇక తొమ్మిదింటి దాకా పాటలే పాటలు. నలభై యాభై మంది వస్తారు, అందులో అరవై ఏళ్ల లోపు వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డిసెంబర్ 4న ఘంటసాల జయంతి, ఫిబ్రవరి 11న వర్ధంతి మాత్రం కాస్త పెద్ద ఎత్తున చేస్తాం. వైర్లు ఎక్కడ గుచ్చాలో తెలిసిన పాపానికి రెండేళ్ల నుంచి కార్యదర్శిని నేనే.

అసలు విషయానికి వస్తాను. మొన్న జయంతి సభకి మా తబలా మాస్టారి మేనల్లుడు వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, సొంతంగా పాటలు రాసి తనే బాణీ కట్టుకుంటాడట. మాస్టారు మొహమాటపడుతూ "ఒక్క పాటమ్మా" అంటే సరే అన్నాను. పిల్లాడు గిటార్ పట్టుకుని మొదలుపెట్టాడు. పల్లవి అయ్యేసరికి సగం మంది టీ దగ్గర ఉన్నారు. రెండో చరణానికి వచ్చేసరికి వెనక వరసలో బీపీ మాత్రల గురించి మాట్లాడుకుంటున్న మాటలు స్టేజి దాకా వినిపిస్తున్నాయి. అయిపోయాక ఒక పెద్దాయన, చాలా మంచాయన, నిజంగా ప్రేమగానే, "బాగుంది బాబూ, ఇప్పుడొక మంచి పాట పాడు" అన్నారు. పిల్లాడు నవ్వేసి దిగిపోయాడు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు వాట్సాప్ గ్రూపులో, ప్రతి నెలా ఒక అరగంట కొత్తగా రాసేవాళ్లకి ఇద్దామా అని పెట్టాను, ఇక చూడండి. ఇద్దరు గ్రూపు వదిలేశారు (ఒకాయన సాయంత్రానికి మళ్లీ చేరారు, చెయ్యి తగిలిందట). "అయితే మా అరగంట ఎవరిస్తారు" అని ఇంకొకాయన. మా నాన్నగారైతే "పాత పాటల సంఘం అని బోర్డు పెట్టుకుని కొత్త పాటేటమ్మా, నగల కొట్లో కూరగాయలు అడిగినట్టు" అనేసి పేపరు చదువుకుంటూ కూర్చున్నారు.

నాకు పాత పాటలంటే విసుగు లేదు, వాటి మధ్యే పెరిగాను. కానీ సభ్యుల సగటు వయసు చూస్తుంటే ఇంకో పదేళ్ల తర్వాత ఈ హాల్లో ఎవరుంటారా అని బెంగ. ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే చెప్పండి, పెద్దవాళ్లని నొప్పించకుండా కొత్తవాళ్లని ఎలా కూర్చోబెట్టారు? ఇంకొకటి, మా కార్యక్రమం వీడియో నెట్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ అని సౌండ్ తీసేశారు. అప్పటి నుంచి "హాల్లో పాడుకున్నా కేసేమో" అని మా కోశాధికారికి టెన్షన్. దాని సంగతి కూడా తెలిసినవాళ్లు చెబితే మేలు.


ఉక్కునగరం_మావయ్య:

అమ్మా పల్లవీ, ఆ పెద్దాయన మాట చదివి ముందు నవ్వాను, తర్వాత సిగ్గేసింది. పదేళ్ల కిందట ఇంచుమించు అదే మాట నేనూ ఒక కుర్రాడితో అన్నాను.

మా టౌన్‌షిప్‌లో కూడా మీలాంటి బృందమే ఉండేది. మేమూ 'యువ ప్రతిభ' అని ఒకటి పెట్టాం, ఎనిమిదిన్నరకి, చిట్టచివర. గాజువాక వైపు పోవాల్సిన వాళ్లు ఎనిమిదింపావుకే చెప్పులు వెతుక్కునేవాళ్లు. ముగ్గురు పిల్లలు మూడు నెలలు వచ్చి మానేశారు, ఈ కాలం వాళ్లకి ఓపిక లేదని మేం తీర్మానం చేసేసుకున్నాం.

జబ్బు ఎక్కడుందో తెలిసింది ఒక క్విజ్ వల్ల. సరదాకి నేనే పెట్టాను, ఇరవై పాటలు. పల్లవి అందుకోగానే ఎవరు పాడారో చెప్పేశారు, తెర మీద ఎవరో చెప్పారు, ఏ హాల్లో చూశారో, పక్క సీట్లో ఎవరున్నారో కూడా చెప్పారు. ఎవరు రాశారంటే ఇరవైకి నాలుగు. ఆ నాలుగూ కూడా ఒకే రిటైర్డ్ తెలుగు మాస్టారు చెప్పినవి. అంటే ఏమిటన్నమాట, మనం పాటని ప్రేమిస్తున్నాం అనుకుంటూ గొంతుని ప్రేమిస్తున్నాం. ఘంటసాల గొంతు మళ్లీ పుట్టదు కాబట్టి కొత్తవాడు ఎవడు మైకు ముందు నిలబడ్డా మనకి వాడిలో లేనిదే కనబడుతుంది. వాడు రాసుకొచ్చిన మాట మన చెవి దాకా రానే రాదు.

మన చిన్నప్పుడు ఇలా లేదమ్మా. రేడియోలో పాట వెయ్యబోయే ముందు చిత్రం పేరు, రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని చెప్పాకే పాట. సినిమా హాలు బయట పాటల పుస్తకం అమ్మేవాళ్లు, పల్చటి కాగితం, నాలుగు పేజీల కథ రాసి సరిగ్గా మలుపు దగ్గర ఆపేసి మిగిలింది వెండితెర మీద చూడమనేవాళ్లు. దాంట్లో పాట కింద కవి పేరు ఉండేది. ఇప్పుడు ఫోన్లో ట్రాక్ వెతికితే వచ్చేది హీరో పేరూ స్కేలూ.

అందుకని ఒక నిబంధన పెట్టాం. మైకు అందుకున్నవాళ్లు రాసినవారి పేరూ, బాణీ కట్టినవారి పేరూ చెప్పాలి, చెప్పేదాకా ట్రాక్ వెయ్యం. రెండు నెలలు గొణిగారు. మూడో నెల ఒకావిడ పేరుతో ఆగకుండా ఆ పాటలో తనకి నచ్చిన ఒక మాట గురించి నాలుగు ముక్కలు చెప్పారు, బాగా చప్పట్లు పడ్డాయి, ఇక అందరికీ అదో పోటీ అయిపోయింది.

ఆ తర్వాత మన ప్రాంతం కవుల సాయంత్రం అని పెట్టాం. మన దగ్గర కొదవా? శ్రీశ్రీ విశాఖపట్నంలో పుట్టినవాడు, 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' సినిమాలో పాటకి జాతీయ అవార్డు తెచ్చుకున్నవాడు. ఆరుద్ర కూడా ఇక్కడే పుట్టాడు, 1925లో. అనకాపల్లిలో చదువుకుని, టెలిఫోన్ల శాఖ ఉద్యోగం చేసుకుంటూ రాసుకున్న సీతారామశాస్త్రి గారికి 1986లో వచ్చిన 'సిరివెన్నెల' సినిమా పేరే ఇంటి పేరైపోయింది. ఇంకోవైపు వంగపండు ప్రసాదరావు, మన ఉత్తరాంధ్ర యాసనే పాటగా కట్టి ఊళ్లన్నీ తిప్పాడు. గొంతుల సంగతికొస్తే సుశీలమ్మది విజయనగరమే. ఘంటసాల ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి విజయనగరంలో మధుకరం (ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నం) ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నాడు, అక్కడి సంగీతం మాస్టారు పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీశారు. ఇవన్నీ చెప్పి చెప్పి, ఆ రోజు సభ మధ్యలో, చివర కాదు మధ్యలో, మా ఊరి కుర్రాడి చేత ఒక్క పాట పాడించాం. ముందు వాడి పేరు చెప్పి, రచన వీడిదే అని చెప్పాం. ఒక్కరూ లేవలేదు. పాట గొప్పదా అంటే అంత గొప్పది కాదు, రెండో చరణం సాగదీశాడు. అయినా విన్నారు, ఆ సాయంత్రమంతా మాట మీద చెవి పెట్టి ఉన్నారు కదా.

అరగంట వద్దమ్మా. అరగంట అంటే భయపడతారు. ఒక్క పాట చాలు, టీకి ముందు.


గాజువాక_తననాన:

ఆ మేనల్లుడు నేను కాదు, కానీ నేనే అనుకోండి. నాలుగేళ్లుగా రాస్తున్నాను, షార్ట్ ఫిల్ములకి ఆరు పాటలు ఇచ్చాను, ఒకదానికి డబ్బులు వచ్చాయి.

మావయ్య గారు చెప్పింది చదివాక నా గోడు కూడా చెప్పుకోవాలనిపించింది. కొత్తవాళ్లని పిలిచే సభల్లో మాకు రెండే దొరుకుతాయి, శాలువా, జాలి. పాడేటప్పుడు ఫోన్లు చూసుకుంటారు, పాడాక శాలువా కప్పి ఫొటో తీసి "మంచి భవిష్యత్తు ఉంది బాబూ" అంటారు. నా దగ్గర ఇప్పుడు ఐదు శాలువాలున్నాయి. మా అమ్మ ఒకటి ఇస్త్రీ టేబుల్ మీద పరిచింది.

ఒకే ఒక్కసారి నాకు నిజంగా పనికొచ్చే సంగతి జరిగింది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఏదో సాహిత్య సభ అయ్యాక మెట్ల మీద ఒక రిటైర్డ్ మాస్టారికి నా పాట వినిపించాను. పల్లవి "ఎవరి కోసం ఎదురు చూస్తివి" అని ఎత్తుకుంటుంది, బాణీలో ఆ చివరి అక్షరం పై షడ్జమం (పై స్థాయి 'స') మీద ఆగి సాగుతుంది. ఆయన కళ్లు మూసుకుని విని, "నడక బాగుంది, మూడు మాత్రలూ నాలుగు మాత్రలూ, మూడూ నాలుగూ, గురజాడ ముత్యాల సరాల నడక ఇదే, తెలిసి రాశావా" అన్నారు. తెలీదండీ అన్నాను. "సరే, మరి అంత ఎత్తుకి పోయి 'వి' మీద నిలబడతావేం, అక్కడ నోరు మూసుకుపోతుంది కదా, గొంతు పిండినట్టుంది, నోరు తెరుచుకునే అక్షరం పెట్టు" అన్నారు. ఇంటికొచ్చి "ఎదురు చూపులా" అని మార్చాను. అంతే, అదే బాణీ, నా గొంతే, పాట తేలికైపోయింది. ఐదు శాలువాలు ఒకవైపు, ఆ ఒక్క 'లా' ఒకవైపు.

అప్పటి నుంచి పాత పాటలు వినే పద్ధతే మారింది నాకు. పై స్వరం దగ్గర ఏ అచ్చు పెట్టారు, చరణం చివర మాట పల్లవి మొదటి మాటకి ఎలా అందించారు, ఊపిరి తీసుకునే చోటు ఎక్కడ వదిలారు, ఒత్తులు ఎక్కడ తగ్గించారు, ఇవి చూస్తున్నాను. ఒక పాటలో చరణం అయిపోయాక పల్లవి మళ్లీ వచ్చినప్పుడు అర్థం కొంచెం మారి వినిపిస్తుంది చూడండి, మాటలు అవే, మనమే వేరే చోట నిలబడి వింటాం. అది ఎలా చేశారో పట్టుకోవడానికి నాకు ఒక వారం పట్టింది. మీ సభ్యులు ఆ పాటలన్నీ నలభై యాభై ఏళ్లుగా నోట్లో తిప్పుకుంటున్నారు, ఇవన్నీ వాళ్ల గొంతుకి తెలుసు, మాటల్లో పెట్టి చెప్పడం అలవాటు లేదంతే. వాళ్ల నుంచి నేర్చుకోవడానికి మాలాంటివాళ్లు క్యూ కడతారు అక్కా, శాలువా లేకపోయినా సరే.

అందుకని నేనైతే ఇలా అడుగుతాను. పాడబోయే పాట మాటలు కాగితం మీద అచ్చువేసి అందరికీ ఇవ్వండి, కొత్త పాట ఒక్కసారి వింటే మాటలు సరిగ్గా అందవు, పాతదైతే ముందే కంఠతా ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది తెలీదు. గిటార్ ఒక్కటే కాకుండా మీ తబలా మాస్టారిని, హార్మోనియం వాయించేవాళ్లుంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టండి, తెలిసిన వాద్యం వినబడితే పెద్దవాళ్ల చెవి కాస్త మెత్తబడుతుంది. అయ్యాక పది నిమిషాలు తిట్టమనండి. "బాగుంది" అనే మాట ఆ పది నిమిషాలు నిషేధం.

ఇంకో సంగతి, పెద్దవాళ్లనే రాయమని అడిగి చూడండి, పేరడీతో మొదలుపెట్టించండి. తెలిసిన బాణీకి మన కాలనీ నీళ్ల ట్యాంకర్ మీద నాలుగు లైన్లు రాయమంటే ఎవరూ భయపడరు. పేరడీని చిన్నచూపు చూడక్కర్లేదు, జరుక్ శాస్త్రి గారికి 'పేరడీ శాస్త్రి' అనే పేరే ఉంది. ఒకసారి ట్యూన్‌లో మాట ఇరికించడానికి చెమటలు పట్టాక ఎదుటివాడి పాట వినే తీరు మారుతుంది.


సీతమ్మధార_శ్రోత:

అందరూ ఒకేవైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండోవైపు చెప్తాను, తిట్టుకోకండి.

నేను ఇలాంటి ఒక సంఘంలో సభ్యుణ్ని, మీది కాదు. మా దగ్గర ఒకాయన ప్రతి నెలా ఒకటే పాట పాడతారు. శృతి కలవదు, అనుపల్లవి దగ్గర ప్రతిసారీ ట్రాక్ కంటే ముందు పరిగెడతారు, మాకు అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అది వాళ్లావిడకి ఇష్టమైన పాట. ఆవిడ పోయి ఆరేళ్లయింది. నెలకి ఒకసారి నాలుగు నిమిషాలు ఆయన ఆవిడతో మాట్లాడతారన్నమాట, మేం పక్కన కూర్చుని వింటాం. నా సంగతీ అంతే, పాట వేరు, కథ అదే. కొత్త పాట ఎంత బాగున్నా దాంట్లో మా ఆవిడ లేదు కదండీ.

గాజువాక తమ్ముడు చెప్పిన 'వి', 'లా' సంగతి నాకు బాగా నచ్చింది, నిజం. కానీ మా సాయంత్రాన్ని బడి చెయ్యకండి. పాట గొప్పా గొంతు గొప్పా అని తేల్చుకోవడానికి రావడం లేదు మేం. క్విజ్ పెట్టి రాసినవాళ్ల పేరు తెలీదని మమ్మల్ని నిలబెడితే, డెబ్భై ఏళ్లకి మళ్లీ బెంచీ ఎక్కినట్టుంటుంది. మావయ్య గారి మీద కోపంతో అనడం లేదు.

కొత్తవాళ్లకి వేరే రోజు పెట్టండి, వేరే పేరు పెట్టండి. ఇష్టమున్నవాళ్లు రెండింటికీ వస్తారు. లేదా ఒక్క పాట అన్నారు కదా, ఆ ఒక్కటికి మించకుండా చూడండి, ఒక్కటి కాస్తా ఆర్నెల్లకి ఆరు అవుతుంది, మనూళ్లో ప్రసంగాలు పెరిగినట్టు.


ఉక్కునగరం_మావయ్య:

శ్రోత గారూ, బెంచీ మాట తగిలింది. మా దగ్గరా ఒకావిడ క్విజ్ తర్వాత రెండు నెలలు రాలేదు, కారణం అప్పుడు నాకు అర్థం కాలేదు. నిబంధన మంచిదే అని ఇప్పటికీ అంటాను, పేరు తెలీనివాళ్లకి ముందే చీటీ రాసి చేతిలో పెట్టాల్సింది.


లా_చదివి_వదిలేశా:

కాపీరైట్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. ప్రాక్టీసు చెయ్యడం లేదు, పెద్ద వ్యవహారమైతే వకీలునే అడగండి.

హాల్లో పాడుకోవడం గురించి మీ కోశాధికారి గారిని నిద్రపొమ్మనండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ అంతా మినహాయింపుల జాబితా. అందులో ఒకటి, సరదాగా నడుపుకునే క్లబ్బో సంఘమో డబ్బు కట్టని శ్రోతల ముందు పాట ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కాదు. దాని పక్కనే ఇంకోటి, లాభం కోసం కాకుండా నడిచే క్లబ్బు తన కార్యక్రమాల్లో భాగంగా రికార్డు వినిపిస్తే అదీ ఉల్లంఘన కాదు. మీ మేడ మీద హాలుకి ఇవి సరిపోతాయి. టికెట్ పెట్టిన రోజు మాత్రం లెక్క మారుతుంది. సిరిపురం గురజాడ కళాక్షేత్రం లాంటి చోట టికెట్ పెట్టి పెద్ద కచేరీ చేద్దామనుకుంటే పాటల హక్కుల సంస్థల నుంచి ముందుగా లైసెన్సు తీసుకోవాలి, మాటలకీ బాణీకీ ఒకటి, రికార్డింగుకి ఒకటి.

నెట్‌లో పెట్టడం మాత్రం ఈ మినహాయింపుల్లో లేదు. మీ వీడియో సౌండ్ పోవడానికి కారణం చాలామటుకు ట్రాకే అయ్యుంటుంది, అది ఎవరో తయారుచేసిన రికార్డింగు, మెషీన్ గుర్తుపట్టేస్తుంది. పాతది కదా ఎవరడుగుతారు అని చాలామంది అనుకుంటారు. రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, కాబట్టి 1964లో వచ్చిన రికార్డింగుకి 2024తోనే అది తీరిపోయింది. కానీ అదే పాట మాటలకి రాసినవారి జీవితకాలం మీద ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. సీనియర్ సముద్రాల 1968లో పోయారు, అంటే 2028 చివరి దాకా. పింగళి నాగేంద్రరావు గారు 1971, కాబట్టి 2031. శ్రీశ్రీ 1983, లెక్క వేసుకోండి. రికార్డు స్వేచ్ఛగా ఉన్నా దాంట్లోని మాట ఇంకా ఒకరి సొత్తే, మావయ్య గారి వాదనకి చట్టం కూడా వత్తాసు పలికినట్టుంది చూడబోతే.

గాజువాక తమ్ముడికి ఒక మాట. పాట కాగితం మీద పెట్టిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది. షార్ట్ ఫిల్ములకి ఇచ్చేటప్పుడు ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎంతిస్తారు, ఒక పేజీ రాయించుకుని సంతకాలు పెట్టించు, స్నేహితుడైనా సరే. 2012లో చట్టం మార్చారు. సినిమాకి పాట రాసినవాళ్లు హక్కులు నిర్మాతకి ఇచ్చేసినా, హాల్లో సినిమా ఆడటం కాకుండా పాటని ఇంకెక్కడైనా వాడుకుంటే వచ్చే రాయల్టీలో వాటా వదులుకోనక్కర్లేదు, వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఇది తెలియక సంతకాలు పెట్టేస్తున్న పిల్లలు చాలామంది. పల్లవి గారి సంఘంలో ఏడాదికొకసారి ఇదొక్కటి చెప్పించినా శాలువా కంటే నయం.

అన్నట్టు మీ సంఘం రిజిస్టర్ అయ్యిందా? 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. విరాళాలు మీ సొంత ఖాతాలో పడుతుంటే మాత్రం ముందు ఆ పని చూడండి.


ఎంవీపీ_పల్లవి:

ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, అందరికీ దండాలు. మూడు వారాలు చప్పుడు చెయ్యకుండా ఉన్నాను, మధ్యలో చాలా జరిగాయి.

ముందు మా నాన్నగారి సంగతి. మావయ్య గారి క్విజ్ కథ చదివి వినిపిస్తే "అదేం గొప్ప" అన్నారు. అయితే చెప్పండి అని ఇంట్లోనే, వంటగదిలో, ఎవరూ లేకుండా, ఆయనకి బాగా ఇష్టమైనవే పది పాటలు అడిగాను. మూడు చెప్పారు. మిగతా ఏడింటికీ వరసగా శ్రీశ్రీ, శ్రీశ్రీ, శ్రీశ్రీ అన్నారు. తప్పని తెలిశాక అలిగారు. మూడు రోజులు ఫోన్లో తల దూర్చి కూర్చున్నారు, నాలుగో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, నేను అడక్కుండానే, "ఆ ఆరో పాట ఆత్రేయదట, నేను ఇన్నాళ్లూ దాశరథిది అనుకున్నా" అన్నారు. ఆరో పాటకి కూడా ఆయన చెప్పింది శ్రీశ్రీ అనే, నేను గుర్తుచెయ్యలేదు.

శ్రోత గారూ, మీ పోస్టు మాత్రం రెండుసార్లు చదివి కమిటీలో కూడా చదివి వినిపించాను. మా దగ్గరా అలాంటి పాటలున్నాయి, ఏవో నాకు తెలుసు, వాటి జోలికి పోం. క్విజ్ లేదు. పేరు చెప్పడం ఇష్టమున్నవాళ్లకే, చెప్పలేనివాళ్లకి మావయ్య గారన్నట్టు చీటీ. నెలకి ఒక్క కొత్త పాట, టీకి ముందు, మాటల కాగితంతో. ఒక్కటి రెండు కాకుండా చూసే బాధ్యత మా కోశాధికారి గారు తీసుకున్నారు, ఆయన ఏదీ పెరగనివ్వరు కాబట్టి నాకు నమ్మకమే. తిట్టే పది నిమిషాలు సభలో కాదు, సభ అయ్యాక మెట్ల దగ్గర, ఉండాలనుకున్నవాళ్లు ఉంటారు. రిజిస్ట్రేషన్ కాగితాలు మొదలుపెట్టాం, ఏడుగురి సంతకాల కోసం ఇంకా తిరుగుతున్నాను, ఒకాయన అమెరికాలో మనవడి దగ్గరున్నారు.

పేరడీ పోటీకి మాత్రం ఎవరూ ఒప్పుకోరనుకున్నాను. ట్యాంకర్ మీద ఇప్పటికే తొమ్మిది వచ్చాయి. ఒకటి మా వార్డు గురించి, దాన్ని ఇక్కడ పెట్టలేను.

కష్టంగా ఉన్నది ఒకటే. ఆ మేనల్లుడు రానంటున్నాడు. మాస్టారు అడిగారు, నేను ఫోన్ చేశాను, "పర్లేదక్కా, ఇంకోసారి చూద్దాం" అంటాడు. కోపంగా అనడు, అదే బాధ. ఆ పెద్దాయనకి విషయం చెప్తే ఆయన పాపం తెల్లబోయారు, నేను మంచి మాటే అన్నాననుకున్నానమ్మా అన్నారు.

కాబట్టి వచ్చే రెండో ఆదివారానికి మా దగ్గర కాగితం ఉంది, తబలా ఉంది, పాట లేదు. గాజువాక తమ్ముడూ, నువ్వు వస్తావా?


గాజువాక_తననాన:

వస్తానక్కా. 'లా' పాటే పాడతాను. ఆ అబ్బాయి నంబరు మాత్రం ఇవ్వకండి, నా నంబరే మాస్టారి చేత అతనికి ఇప్పించండి, అతనికి చెయ్యాలనిపించినప్పుడు చేస్తాడు. నా మొదటి సభ తర్వాత నేనూ ఎనిమిది నెలలు ఎక్కడా పాడలేదు.


సీతమ్మధార_శ్రోత:

పల్లవి గారూ, బయటివాళ్లు రావచ్చా? సీతమ్మధార నుంచి ఎంత దూరం, ఆటో ఎక్కితే పది నిమిషాలు. మెట్ల దగ్గర తిట్టడానికి కూడా ఉంటాను, బాగుంటే తిట్టను. ఆ కాగితం మీద అక్షరాలు మాత్రం కాస్త లావుగా, పెద్దవిగా వేయించండి, మామూలు సైజులో వేస్తే మాలో సగం మంది కళ్లజోడు వెతుక్కునేసరికి చరణం అయిపోతుంది.